అరకు దారి చెప్పే చరిత్ర

పోర్చుగలు దేశంలో డోరో అనే నది కలదు. దాని లోయ శతాబ్దాలుగా ద్రాక్షసారాయికి ప్రసిద్ధి. 1756లోనే అక్కడి ప్రభుత్వం ఆ లోయకు ఎల్లలు నిర్ణయించి, ఎల్లల లోపలి సరుకునకు ప్రత్యేకమైన స్థానం కల్పించినది. 2001లో యునెస్కో సంస్థ ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. సమీప పట్టణాల నుంచి యాత్రికులు ఉదయం బయలుదేరి, తోటలు, పాత ఇండ్లు, సారాయి నిలవచేసే కొట్లు చూచి సాయంత్రానికి తిరిగి వస్తారు. వారు చూచేది పంటను మాత్రమే కాదు. నిటారైన కొండవాలులో రాతిగోడలు కట్టి, వానకు మన్ను జారిపోకుండ తరతరాలుగా నిలిపిన మనుషుల శ్రమను కూడ చూస్తారు.

మన తెలుగునాట అటువంటి ద్రాక్షసారాయి లోయ లేదు. కాని ఒక పంట పేరుతో దూరదేశాలలో సైతం పేరు పొందిన లోయ, ఉదయం వెళ్ళి రాత్రికి తిరిగి రాదగిన లోయ, విశాఖపట్నానికి చేరువలోనే ఉన్నది. అది అరకు. అక్కడి పంట కాఫీ. ఉక్కునగరం పాఠశాలల నుంచి, విశాఖలోని ఇతర పాఠశాలల నుంచి ఏటేటా వేలాది విద్యార్థులు ఈ యాత్ర చేస్తుంటారు. రైలు, సొరంగాలు, బొర్రా గుహలు, కాఫీ తోటలు, థింసా నృత్యం చూచి వస్తారు. అయితే ఒక సంగతి సాధారణంగా ఎవరూ గమనించరు. ఈ దారిలో చూడదగినవాటిలో ముఖ్యమైనవేవీ చూపుకొరకు ఏర్పడినవి కావు. ఒక్కొక్కదాని వెనుక ఒక అవసరం ఉన్నది. కొన్నిటి వెనుక ఒక పోరాటం కూడ ఉన్నది. అవి తెలిసినపుడు విహారయాత్ర చరిత్ర పాఠమవుతుంది.

రాయి కొరకు వేసిన దారి

కొత్తవలస వద్ద ప్రధాన రైలుమార్గం నుంచి చీలి, కొండలెక్కి, అరకు మీదుగా ఒడిశా దాటి, ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూలు వరకు పోయే మార్గం పొడవు సుమారు 446 కిలోమీటర్లు. దీనిని వేసినది యాత్రికుల కొరకు కాదు. బస్తరు ప్రాంతంలోని బైలడిల్లా కొండలలో శ్రేష్ఠమైన ఇనుపరాయి కలదు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఉక్కు పరిశ్రమను తిరిగి నిర్మించుకొంటున్న జపానుకు ఆ రాయి కావలసి వచ్చినది. 1960లో ఉభయ దేశాల మధ్య ఒప్పందం కుదిరినది. రాయిని విశాఖ రేవునకు చేర్చుటకు తూర్పు కనుమలను దాటే దారి లేదు. అందువలన కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి ఈ మార్గాన్ని నిర్మించినారు. 1960 దశకం ముగియకముందే దీనిపై ఇనుపరాయి బండ్లు నడిచినవి. మార్గం మొత్తంలో సొరంగాలు 58 అని లెక్క. అప్పటివరకు కాలిబాటలు, ఎడ్లబాటలు, ఘాటు రోడ్డు మాత్రమే ఎరిగిన పల్లెలకు రైలుకూత ఇట్లు వినవచ్చినది.

పిమ్మట కథ మరొక మలుపు తిరిగినది. 1966లో ఆంధ్రదేశమంతటా ఉక్కు కర్మాగారం కొరకు గొప్ప ఆందోళన సాగినది. ప్రాణనష్టం కూడ జరిగినది. 1971 జనవరి 20న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసినారు. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేసినారు. ఆ కర్మాగారపు ఉద్యోగుల కొరకు వెలసిన పట్టణమే ఉక్కునగరం. జపానుకు రాయి పంపుటకు వేసిన దారి, విశాఖలోనే వెలసిన కొలుములకు కూడ బైలడిల్లా రాయిని దింపుటకు ఉపయోగపడినది. ఉక్కునగరం విద్యార్థి అరకు రైలెక్కినపుడు, తన ఊరి కొలిమికి ముడిసరుకు వచ్చిన దారినే ఎదురు వెళ్ళుతున్నాడన్నమాట. దారిలో ఎదురుగా నిండు బండ్లు దిగి వస్తుంటే, వాటిలోని ఎర్రని రాయిని ఉపాధ్యాయులు చూపించవచ్చును. 2017లో ఈ ప్రయాణీకుల బండికి అద్దాల పైకప్పు గల పెట్టెను తగిలించినారు. యాత్రికుని కొరకు ప్రత్యేకంగా జరిగిన ఏర్పాటు అది ఒక్కటే. దారి వేసిన అర్ధశతాబ్దానికి అది వచ్చినది.

ఎత్తును కొలిచే ప్రయాణం

శృంగవరపుకోట, బొడ్డవర స్టేషన్లు దాటిన తరువాత బండి కొండ ఎక్కుట మొదలుపెడుతుంది. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస దాటి సిమిలిగూడ చేరేసరికి సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తు వచ్చినట్లు. వెడల్పు పట్టాల మార్గంలో దేశంలోకెల్ల ఎత్తయిన స్టేషనుగా సిమిలిగూడ చాలాకాలం పేరుపొందినది. తరువాత కాశ్మీరులో రైలుమార్గం వేసినపుడు ఆ స్థానం అక్కడి స్టేషన్లకు పోయినది. సిమిలిగూడ నుంచి బండి కొంచెం దిగి అరకు లోయలో ప్రవేశిస్తుంది.

భౌతికశాస్త్ర విద్యార్థికి ఈ మూడు నాలుగు గంటల ప్రయాణం ఒక ప్రయోగశాల. వాతావరణంలో పైకి పోయినకొద్దీ ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సగటున ఆరు డిగ్రీల సెంటిగ్రేడు, లేక కొంచెం ఎక్కువ, తగ్గుతుంది. సముద్రపుటొడ్డున 76 సెంటీమీటర్లుండే పాదరస మట్టం, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున సుమారు 68 సెంటీమీటర్లకు దిగుతుంది. గాలి ఒత్తిడి తగ్గుటచేత నీరు 100 డిగ్రీల వద్ద గాక, సుమారు 97 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ఒక ఉష్ణమాపకం వెంట ఉన్న తరగతి, అరకులో కాఫీ కాచేచోట ఈ మాటను తానే పరీక్షించి చూడవచ్చును. ఈ చల్లదనమే కాఫీకి కూడ ఆధారం. అరబికా జాతి కాఫీ సముద్రతీరపు వేడిమిని ఓర్వదు. దానికి ఎత్తయిన నేల, నీడ, వాన, నీరు నిలవని వాలు కావలెను. ఇవన్నీ ఈ కొండలలో సమకూడినవి.

నీరు తొలిచిన గుహ

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున ఉన్నవి. మేస్తున్న ఆవు ఒకటి పైకప్పులోని రంధ్రం గుండా లోపల పడగా, దానిని వెదకుతూ పోయిన పశువుల కాపరికి గుహ, అందులో శివలింగం వంటి రాయి కనిపించినవని స్థానికుల కథ. గుహగుండా పారే ఏటికి గోస్తని అనే పేరు వచ్చుటకు కూడ ఆ ఆవునే కారణంగా చెపుతారు. ఇక యాత్రా పుస్తకాలలో వేరొక కథ కనిపిస్తుంది. 1807లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగ్ జార్జి ఈ గుహలను కనిపెట్టినాడని వ్రాస్తారు. కాని ఆ శాఖ ఏర్పడినది 1851లో. పుట్టని శాఖలో ఉద్యోగి ఉండడు గదా. ఈ రెండు మాటలలో ఒకటి తప్పయి ఉండవలెను. చరిత్ర చదివే విద్యార్థి అచ్చులో ఉన్న తేదీని కూడ ఇట్లు మరొక తేదీతో సరిచూచుకొనుట నేర్చుకొనవలెను. ఏమైనా, గుహ పక్కనే తరతరాలుగా నివసిస్తున్న గిరిజనులకు అది ఎవరో వచ్చి కనిపెట్టవలసిన వస్తువు కాదు.

గుహ చేసిన శిల్పి నీరే. ఆకాశంనుంచి పడిన వాననీరు గాలినుంచి, అంతకంటె ఎక్కువగా కుళ్ళిన ఆకుల మన్నునుంచి, బొగ్గుపులుసు వాయువును గ్రహించి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి మంచినీటిలో దాదాపు కరగదు; ఈ ఆమ్లజలంలో కొద్దికొద్దిగా కరుగుతుంది. పగుళ్ళగుండా దిగిన నీరు వేలాది ఏండ్లలో రాయిని కరిగించి గుహగా తొలుస్తుంది. ఆ నీటిబొట్టే గుహ పైకప్పుకు చేరి గాలి తగిలినపుడు, దానిలోని బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోతుంది. అప్పుడు కరిగిన సున్నం మరల గడ్డకడుతుంది. పైనుంచి వ్రేలాడే ఊడలు, నేలనుంచి లేచే స్తంభాలు ఇట్లు ఏర్పడినవే. వాటి పెరుగుదల సామాన్యంగా ఏడాదికి మిల్లీమీటరులో పదవవంతు ఉండవచ్చును. అనగా ఒక జానెడు ఊడ దిగుటకు రెండు వేల ఏండ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. దానిని జ్ఞాపకార్థం విరిచి జేబులో వేసుకొనుటకు ఒక్క క్షణం చాలును.

విరవకపోయినా మనిషి రాక గుహకు భారమే. ఫ్రాన్సులోని లాస్కో గుహలో ఆదిమానవులు వేసిన చిత్రాలు 1940లో బయటపడినవి. 1948లో ప్రజలకు ప్రవేశం కల్పించినారు. రోజూ వచ్చే జనుల ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ, దీపాల వెలుగు కలిసి గోడలపై పాచి పెరిగేటట్లు చేసినవి. 1963లో ఆ గుహను మూసివేయవలసి వచ్చినది. గుహలలో వెలుగు పెట్టేవారు, వేళ నిర్ణయించేవారు, ఒకేసారి ఎందరు పోవచ్చునో లెక్కవేసేవారు, అందరూ గుర్తుంచుకొనవలసిన ఉదాహరణ ఇది.

పోడు, కాఫీ

కాఫీ పుట్టినిల్లు ఇథియోపియా. యెమెను నుంచి బాబాబుడన్ అనే ఫకీరు ఏడు గింజలు తెచ్చి కన్నడదేశపు చిక్కమగళూరు కొండలలో నాటినాడని ప్రసిద్ధమైన కథ. తెలుగు కొండలకు కాఫీ చాలా ఆలస్యంగా వచ్చినది. 1898లో బ్రాడీ అనే దొర తూర్పు గోదావరి ప్రాంతంలోని పాములేరు లోయలో దీనిని వేయించినాడు. 1920 దశకం నాటికి అనంతగిరి, గూడెం, చింతపల్లి కొండలకు వ్యాపించినది. అయితే అది అప్పుడు స్వల్పమైన పంట.

ఆ కొండలలో గిరిజనుల ముఖ్యమైన సేద్యం పోడు. అడవిలో ఒక వాలును నరికి, కాల్చి, బూడిద పడిన నేలలో రెండు మూడేండ్లు చోడి, సామ, కంది వంటివి పండించి, సారం తగ్గగానే మరొక వాలుకు పోతారు. జనసంఖ్య తక్కువగా, అడవి ఎక్కువగా ఉన్నంతకాలం, విడిచిన వాలుపై తిరిగి చెట్లు పెరుగుటకు వ్యవధి ఉండేది. ఆంగ్లప్రభుత్వం అడవులను తన రక్షణలోనికి తీసుకొని పోడును నిషేధించినది. రోడ్లపనికి గిరిజనులచేత వెట్టి చేయించినది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు ఈ రెండూ ముఖ్య కారణాలు. అడవిని కాపాడుట పేరుతో మనిషి కూడు తీసివేస్తే అడవీ నిలవదు, శాంతీ నిలవదు అని ఆ రెండేండ్లు నిరూపించినవి. నేడు అరకు, పాడేరు ప్రాంతాలున్న జిల్లాకు 2022 నుంచి ఆ వీరుని పేరే ఉన్నది.

కాని సమస్య అట్లే ఉండిపోయినది. జనులు పెరిగి, అడవి తగ్గి, విడిచిన వాలుకే త్వరత్వరగా తిరిగి వస్తుంటే మన్ను కొట్టుకొనిపోతుంది. నీటి వేగం రెట్టింపయితే అది దొర్లించగల రాతి బరువు సుమారు అరవైనాలుగు రెట్లవుతుందని భూగర్భశాస్త్రం చెపుతుంది. చెట్టులేని వాలులో వాన ఎంత పని చేయగలదో దీనినిబట్టి ఊహించవచ్చును. 1960 నుంచి అటవీశాఖ ఈ కొండలలో కాఫీని విస్తారంగా వేయుటకు ముఖ్యోద్దేశం కాఫీగింజ కాదు, మన్ను. కాఫీ మొక్క నీడలో పెరుగుతుంది కాబట్టి పెద్దచెట్లను ఉంచవలెను. అది ఏటేటా దున్ని విత్తే పంట కాదు కాబట్టి నేలను కదిలించనక్కరలేదు. చినుకు మొదట పెద్దచెట్టు ఆకుపై, తరువాత కాఫీ కొమ్మపై, చివరకు రాలిన ఆకుల పరుపుపై పడి, వేగం కోల్పోయి మెల్లగా నేలలోకి ఇంకుతుంది.

తొలినాళ్ళలో ఆ తోటలు ప్రభుత్వానివి. గిరిజనులు అందులో కూలీలు. కాఫీ బోర్డు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ చేయూతతో గిరిజన కుటుంబాలు తమ పోడుభూములలో తామే కాఫీ వేసుకొనుట తరువాతి ఘట్టం. కూలివాడు రైతు అయినది అప్పుడే. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ వారి సరుకును కొనేవారిలో ముఖ్యమైనది. నేడు ఈ జిల్లాలో కాఫీ లక్ష ఎకరాలను మించి ఉన్నది. నీడకు పెంచిన సిల్వరు ఓకు చెట్లకు మిరియపు తీగ పాకించి రెండవ రాబడి కూడ పొందుతున్నారు. వేసవి జల్లులకు తెల్లని పూలు పూచి, ఎనిమిది తొమ్మిది నెలలకు పండ్లు ఎర్రబడతాయి. పండినవాటినే ఏరి కోసి, తోలు తీసి, జిగురు పోవునట్లు పులియనిచ్చి, కడిగి, ఎండబెడతారు. శీతకాలంలో యాత్రకు పోయినవారికి ఈ పనులన్నీ కంటపడతాయి.

2017లో పారిసు నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం వెలసినది. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ ప్రాంతంలో పండినదానికే ఆ పేరు వాడవలెను. డోరో లోయకు 1756లో జరిగిన ఎల్లల నిర్ణయం వంటిదే ఇది.

పేరుతోపాటు ప్రమాదాలు కూడ ఉన్నవి. ఒకే పంటపై ఆధారపడిన ప్రాంతాన్ని ఒక చిన్న జీవి కూల్చగలదు. 1860 దశకంలో అమెరికానుంచి వచ్చిన ఫైలోక్సెరా అనే సూక్ష్మకీటకం ఫ్రెంచి ద్రాక్షతోటల వేళ్ళను పీల్చి వాటిని నాశనం చేసినది. 1869లో సింహళంలో కనిపించిన ఆకుకుంకుమ తెగులు అక్కడి కాఫీని అంతమొందించి తేయాకుకు చోటిచ్చినది. కాయను తొలిచే పురుగు మనదేశంలో 1990లో నీలగిరి ప్రాంతపు తోటలలో మొదట కనిపించినది. 2025లో అరకు తోటలలో కూడ బయటపడినది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు నీడచెట్లు విస్తారంగా కూలి, వాటికింది కాఫీ మొక్కలు నలిగిపోయినవి. కాబట్టి నీడకు ఒకే జాతి చెట్టును గాక పనస, నేరేడు, మామిడి వంటి పలు జాతులను, కాఫీతోపాటు తిండిగింజలను కూడ నిలుపుకొనుట గిరిజన రైతుకు క్షేమం.

కొండ ఎవరిది

బొర్రా పరిసరాలలోని సున్నపురాతిపై గనుల వ్యాపారుల చూపు కూడ పడినది. అనంతగిరి మండలంలో గిరిజనుల నివాసప్రాంతాలలో ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు గనుల కౌళ్ళు ఇచ్చినది. షెడ్యూల్డు ప్రాంతాలలోని భూమి గిరిజనేతరులకు పోరాదని 1959 నాటి నిబంధన, దానిని కఠినతరం చేసిన 1970 నాటి సవరణ చెపుతున్నవి. ప్రభుత్వం ఇచ్చే కౌలుకు కూడ ఆ నిషేధం వర్తిస్తుందా అన్నది ప్రశ్న. సమత అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రశ్నను న్యాయస్థానాల ముందుంచినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు వర్తిస్తుందని తీర్పు చెప్పినది. దేశంలో గిరిజన భూముల గురించి ఎక్కడ వాదం వచ్చినా ఈ తీర్పును స్మరిస్తారు. యాత్రికుడు బొర్రాలో దిగి చుట్టూ చూచే పచ్చని వాలుల వెనుక ఈ తీర్పు కూడ ఉన్నది.

ఇది కొండవారికి మాత్రమే సంబంధించిన విషయమా? గోస్తని ఏటిని వెంబడించి చూస్తే జవాబు దొరుకుతుంది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహగుండా పారి, మైదానం చేరిన ఈ ఏటికి విజయనగరం జిల్లాలోని తాటిపూడి వద్ద 1960 దశకంలో ఆనకట్ట కట్టినారు. తరువాత ఏరు భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి జలాశయం పొలాలకేగాక విశాఖ నగరానికి కూడ నీరిస్తున్నది. కొండవాలులో మన్ను కదిలితే అది జలాశయం అడుగున చేరుతుంది. అడుగు పూడినకొద్దీ నీటికి చోటు తగ్గుతుంది. అరకు దిక్కున ఒక గిరిజన రైతు తన వాలులో చెట్టును నిలిపితే, ఆ మేలు నగరంలోని కుళాయి దాకా వస్తుంది. నగరం కొండలకు పంపుతున్నది యాత్రికులను. కొండలు నగరానికి పంపుతున్నది ఇనుపరాయిని, నీటిని, కాఫీని. ఈ లెక్కలో బాకీ ఎవరిదో విద్యార్థులే తేల్చుకొనగలరు.

యాత్రలో చేయదగిన ఒక పరీక్ష

ఉపాధ్యాయులు ఈ యాత్రకు పోవునపుడు మూతగల రెండు గాజుసీసాలు వెంట తీసుకొనిపోవలెను. వాన కురిసిన మరునాడయితే మరీ మంచిది. చెట్లు కొట్టివేసిన వాలుకింద పారే కాలువనుంచి ఒక సీసా, కాఫీతోట కింద పారే కాలువనుంచి మరొక సీసా నీరు పట్టి, వాటిపై చోటు, వేళ వ్రాయించవలెను. తిరిగి వచ్చిన తరువాత రెంటినీ కదల్చక ఒక దినమంతా ఉంచి, అడుగున పేరిన మన్ను మందాన్ని కొలబద్దతో కొలిపించవలెను. ఒక్క పరీక్షతో సిద్ధాంతం చేయరాదు. వాలు, వాన, రాయి మారితే కొలత మారుతుంది. ఏటేటా వచ్చే తరగతులు అవే చోట్ల నీరు పట్టి కొలతలను ఒకే పుస్తకంలో వ్రాస్తూపోతే, కొన్నేండ్లకు ఆ వాలులు ఎట్లున్నవో చెప్పే చరిత్ర ఒకటి పాఠశాలలోనే తయారవుతుంది.